నేల లేని కారు

1988 ఏప్రిల్ 24, ఆదివారం

పరీక్షలు అయిపోయాయి! పి.యు.సి. మొదటి ఏడాది ఇక నా వెనక. నా ముందర ఉన్నవి: దాదాపు రెండు నెలల సెలవులు, ఈ కొత్త డైరీ (బ్యాంకు వాళ్లు నాయనకు ఇచ్చారు, నాయన నాకు ఇచ్చాడు), ఒక కారు.

కారు మాదే. ల్యాండ్‌మాస్టర్. శనక్కాయ బాగా పండిన ఏడాది తాత మధుగిరిలో ఒక డాక్టరు దగ్గర కొన్నాడు. అప్పట్లో ఆకాశం రంగు. ఇప్పుడు మా కొట్టంలో గడ్డి మోపుల మధ్య నాలుగు రాళ్ల మీద నిలబడి ఉంది, చక్రాలూ సీట్లూ విప్పి పక్కన పెట్టి ఉన్నాయి. ఇంజిన్ బాగానే ఉంది. ట్రాక్టరు బ్యాటరీ తగిలిస్తే దగ్గి దగ్గి పలుకుతుంది. లేనిది నేల ఒక్కటే. తలుపు తీసి లోపలికి చూస్తే, కింద నుంచి కోడిపెట్ట పైకి చూస్తుంది.

పొద్దున సంగటి దగ్గర నాయన తేల్చేశాడు.

"ఈ తూరి ఎద్దుల మేతంతా కొట్టంలోనే పెట్టల్ల. విత్తనం ఏసే దినానికి ఆ డొక్కు దాని కాళ్ల మీద అది బయటికి పోతే సరి. లేకుంటే మర్నాడే గుజరీ చౌడప్పకు." చౌడప్ప పాత ఇనుము కొంటాడు. మా కారును చూసినప్పుడల్లా మేకను చూసినట్టు చేత్తో తడుముతాడు.

తాత మంచం మీద నుంచి అన్నాడు: "ఈ తూరి మొదటి విత్తనం నేనే ఏస్తా. ఆ కారులోనే పోయి ఏస్తా."

"మోకాళ్లు వంగల్ల కదా నాయినా."

"కారు తోలేది నువ్వు. నా మోకాళ్లతో నీకేం పని?"

మా ఇంట్లో మొదటి గుప్పెడు విత్తనం అందరికంటే పెద్దవాళ్ల చేతి నుంచే పడాలి. కానీ తాత మోకాళ్లు బిగుసుకుపోయి రెండేళ్లయింది. అప్పటి నుంచి చేను చూడలేదు. ఆ రెండేళ్లూ నాయన తన చేత్తో వేశాడు. రెండేళ్లూ పండలేదు. వాన రాలేదు కాబట్టి పండలేదని ఊరంతటికీ తెలుసు. అవ్వ మాత్రం వాన మాట ఎత్తదు, నాయన చేతి వైపు చూస్తుంది.

ఎద్దుల బండిలో పోదామంటే తాత ఒప్పుకోడు. "నలుగురు పట్టి పైకి ఎత్తల్ల. నేనేమన్నా శెనక్కాయ మూటనా?"

అప్పుడు నేను లేచి నిలబడ్డాను. "కారుకు నేల నేను వేస్తా!"

నాయన ముద్ద మింగి నన్ను చూశాడు. "చీపురు పట్టి ఇల్లు ఊడ్చమంటే మూల మర్చిపోతావు. నువ్వు నేల ఏస్తావా?"

ప్రతిజ్ఞలు:
1. రోజూ పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా కారు పని. పండగైనా సరే.
2. తుప్పు పట్టిన రేకునంతా, మంచి ఇనుము కనబడే వరకు కోసి తీసెయ్యాలి.
3. అడ్డదారులు లేవు. గోనెకు తారు పూసి అతికించడం నిషిద్ధం. (నిషిద్ధం! ఏం మాట! పలికితే గడియ పెట్టినట్టు ఉంటుంది.)
4. పని పూర్తయ్యేదాకా కథల పుస్తకం ముట్టను.

ఏప్రిల్ 25, సోమవారం

5:50కే లేచాను! కోడి కంటే ముందు! (కోడి కారు కింద పడుకుంటుంది. నేను ఉలి దించగానే లేచింది.)

సామాన్లు: సుత్తి, ఉలి, రంపం బ్లేడు, ఇనుప బ్రష్షు, నాయన పాత చొక్కా.

ఈ రోజు మాట: తుప్పు. రాగికి పట్టేది చిలుము, ఇనుముకు పట్టేది తుప్పు. చిలుము వినడానికి అందంగా ఉంది, చిలకలాగా. తుప్పు పలికితే ఉమ్మినట్టే ఉంది. రెండూ సరిగ్గానే పెట్టారు.

గీకేకొద్దీ చిల్లులు పెరుగుతున్నాయి. పొద్దున తొమ్మిది చిల్లులు. మధ్యాహ్నానికి మూడే! (కలిసిపోయాయి.)

ఏప్రిల్ 27, బుధవారం

ఇనుము తుప్పు పట్టాలంటే గాలి, నీళ్లు రెండూ కావాలి. రసాయన శాస్త్రం, నాకు బాగా తెలుసు. మరి మూడేళ్లు వానే లేని ఊళ్లో, కొట్టం లోపల, ఈ కారు నేల ఎలా పోయింది?

మజ్జిగకు వచ్చిన పక్కింటి ఈరక్కను ఊరికే అడిగాను. ఆమె చెంబు కింద పెట్టింది.

"నీకు తెలీదా పాపా? మా నీళ్లే."

"ఏం నీళ్లు?"

"కరువులో. ఊర్లో బాయిలన్నీ ఎండిపాయె కదా. నాగలమడిక తట్టు ఒక బోరులో ఉప్పు నీళ్లు వస్తాండె. మీ తాత సీట్లు పీకేసి బిందెలు పెట్టుకోని పోతాండె. పొద్దున, మాపటేల. గోనె తడిపి మూతులకు కట్టినా ఆ గుంతల దోవలో తొణకకుండా ఉంటాయా? మేము బిందెలు పట్టుకోని నీళ్లల్లోనే కూచుంటాంటిమి." ఈరక్క నవ్వింది. "ఊరంతా మండుతాంటే మా కాళ్లు మాత్రం సల్లగుండె!"

అప్పుడు నేను పావగడ హాస్టల్లో ఉన్నాను. ఎవరూ చెప్పలేదు. కరువు ఊళ్లో నీళ్ల వల్ల పాడైన వస్తువు మా కారు ఒక్కటే అయ్యుండాలి!

అవ్వ లోపలి నుంచి అంది: "ఆ ఉప్పు నీళ్లే కారు నేల తినె. ఆ నీళ్లే ఈయప్ప మోకాళ్లు తినె."

తాత అన్నాడు: "అందరికీ దప్పికైనప్పుడు ఇనుముకు మాత్రం కాదా? అది గూడా ఒక గుక్క తాగింది. పోనీలే."

ఇప్పుడు ఇది మామూలు కారు కాదు. రేపటి నుంచి ఐదింటికే లేస్తాను.

ఏప్రిల్ 30, శనివారం

(ఐదింటికి లేవలేదు. ఆరున్నర. అయినా లేచాను.)

రేకు దొరికింది! కరువు పనుల్లో రోడ్డు వేసినప్పుడు వదిలేసిన తారు డ్రమ్ము. నిలువునా కోసి విప్పాం. కానీ రేకు మళ్లీ చుట్టుకుంటోంది, చలికి ముడుచుకున్న పిల్లలాగా. రాగులు నూర్చే రాతి గుండు ఉంది కదా! రేకును కళ్లంలో పరిచి, ఎద్దుల చేత గుండు లాగించి, దాని మీద పది చుట్లు తిప్పించాను. చపాతీలా అయింది!

నాయన దూరం నుంచి చూసి ఏమీ అనలేదు. నాయన ఏమీ అనకపోవడం మా ఇంట్లో మెచ్చుకోలు.

వెల్డింగ్ మల్లేశప్పను పిలవడానికి నాగలమడిక పోయాను. బల్ల మీద పడుకుని ఉన్నాడు. కళ్లు తెరవకుండా "నాళె" అన్నాడు. కన్నడంలో రేపు అని.

మే 4, బుధవారం

మల్లేశప్ప నిన్న రాలేదు, మొన్న రాలేదు. ఈ రోజు పోతే మళ్లీ "నాళె". మల్లేశప్ప వ్యాకరణంలో భవిష్యత్ కాలం ఒక్కటే ఉంది.

నేను ఆగలేదు. ఎడమ వైపు చిల్లి మీద వార్తాపత్రిక పరిచి, అంచులు గీసి, కత్తిరించి, ఆ కాగితాన్ని రేకు మీద పెట్టి, మూడు రోజులు రంపంతో కోసి, చేతులు బొబ్బలెక్కి...

తెచ్చి పెడితే పట్టలేదు. వంకర ఇటు ఉండాల్సింది అటు ఉంది. కాగితాన్ని తిరగేసి పెట్టాను!

తాత మంచం మీద నుంచే అడిగాడు: "ఏం పాపా, గమ్మునైపోయినావు?"

"రేకు తిరగబడింది తాతా."

"కుడి పక్క గూడా చిల్లే కదా? ఆడ పెట్టి సూడు."

పట్టింది! కుడి వైపు, ముందు నుంచి వెనక దాకా, అచ్చు గుద్దినట్టు! కాబట్టి నేను మొదటి నుంచీ కుడి వైపు రేకే కోస్తున్నాను. నాకు తెలియలేదు, అంతే.

ఎడమ వైపుకు రేకు మిగల్లేదు. మిగిలింది డ్రమ్ము మూత ఒక్కటే. అది గుండ్రం.

మే 9, సోమవారం

మల్లేశప్ప వచ్చాడు!!! బండి మీద వెల్డింగ్ యంత్రంతో సహా! బావి మోటారు దగ్గర నుంచి వైరు లాగాడు.

"సూడప్పా, అర్ధ గంట. ఇదేం పని, మైసూరులో నేను బస్సులే అతికించినా."

10:30 మొదలు. నిప్పురవ్వలు. తారు కమురు వాసన.
11:15 కరెంటు పోయింది. మల్లేశప్ప మజ్జిగ తాగాడు.
1:00 కరెంటు వచ్చింది. మల్లేశప్ప అన్నం తింటున్నాడు.
2:10 పక్కన పెట్టిన వెనక సీటు పీచు అంటుకుంది! అవ్వ కడివెడు నీళ్లు సగం సీటు మీదా, సగం మల్లేశప్ప మీదా గుమ్మరించింది. "నీళ్లు దండగ చేసిస్తివి కదరా!" అని తిట్టింది కూడా అతన్నే.
4:00 అయిపోయింది!

కుడి వైపు నేల గట్టిగా ఉంది. దాని మీద ఎగిరాను, విరగలేదు! అందరం ఒక్కొక్కరం ఎక్కి ఎగిరాం. ఈరక్క కూడా.

ఒక చిన్న సంగతి. కుడి వైపు వెనక తలుపు తెరుచుకోవడం లేదు. నేలతో పాటు తలుపును కూడా అతికించాడు.

"ఇంగో మూడు తలుపులు ఉండాయి కదా పాపా," అన్నాడు మల్లేశప్ప. "నాళె వచ్చి కోస్తా."

రేపు రెడాక్సైడ్ పెయింటు. పచ్చి ఇనుము రెండు రోజులు కూడా గాలికి ఉండకూడదు. రేపు తప్పకుండా.

మే 10, మంగళవారం

ఒళ్లు నొప్పులు. ఎగరడం వల్ల. పెయింటు రేపు.

మే 12, గురువారం

పెయింటు కొనడానికి పావగడ పోయాను. కొన్నాను. దారిలో లైబ్రరీ ఉంది. లోపలికి పోయింది నీడ కోసం మాత్రమే.

మే 15, ఆదివారం

నాలుగో ప్రతిజ్ఞకు సవరణ: కథల పుస్తకం ముట్టను అన్నాను. లావు పుస్తకమైతే అది కథ కాదు, నవల.

ఎండ విపరీతం. ఈ ఎండలో పెయింటు వేస్తే పొక్కుతుందని ఎక్కడో చదివాను. ఎక్కడో గుర్తు లేదు. నవలలో కాదు.

మే 24, మంగళవారం

ఘోరం.

నవల అయిపోయింది (రెండూ). పెయింటు డబ్బా తీసుకుని కొట్టంలోకి పోయాను. కారు తలుపు తీస్తే లోపల పేడ వాసన. కొత్త రేకు కనబడలేదు. దాని మీద చక్కగా, చేతి వేళ్ల గీతలతో సహా, పేడ అలికి ఉంది. దాని మీద ముగ్గు. దాని మీద తడి గోనె.

"అవ్వా!"

"ఏందే?"

"కారులో పేడ ఎవరు అలికినారు?"

"నేనే. కొత్త నేల కాదా? అలక్కుండా మనిషి కూచుంటారా యాడన్నా? మీ తాత కూచునే తావు."

"గోనె?"

"బీటలు వారకుండా. దినామూ రెండు తూర్లు నీళ్లు సల్లుతాండా. నువ్వు సదువుకుంటాంటివి, ఎందుకులే అని పిలవలేదు."

రోజూ రెండు సార్లు! అంత శ్రద్ధగా నేను ఏ పనీ చేయలేదు. గోనె ఎత్తి పేడ గీకితే, కింద రేకంతా పసుపూ కుంకుమా కలిపినట్టు తుప్పు.

ఏడుద్దామనుకున్నాను. అవ్వ పక్కన కూచుని చూసింది. కొంచెం సేపటికి కొంగు దోపుకుని, "ఆ గీకేది నాకియ్యి. పేడ నాది, నేనే తీస్తా," అంది.

అవ్వను ఏమని తిడతాను? మే పదో తారీకున పెయింటు వేసి ఉంటే పేడ పెయింటు మీద పడేది.

జూన్ 5, ఆదివారం

అవ్వా నేనూ కలిసి మళ్లీ మంచి ఇనుము దాకా గీకాం. అవ్వ నా కంటే బాగా గీకుతుంది, మాడిన సంగటి కడవ తోమిన చెయ్యి కదా. రెడాక్సైడ్ రెండు పూతలు పడ్డాయి. అవ్వకు ఆ రంగు నచ్చింది. "ఎర్రమన్ను పూసినట్టే ఉండాది. ఇంగ అలకనక్కర్లేదు."

కుడి వైపు పూర్తి! ఎడమ వైపు వచ్చే వారం.

జూన్ 16, గురువారం

కాలేజీ తెరిచారు. పొద్దున ఆరు నలభైకి బస్సు. ప్రతిజ్ఞ ఆరు నుంచి తొమ్మిది దాకా. రెండూ ఒకేసారి కుదరవు. ఇది నా తప్పు కాదు, బస్సు తప్పు.

తెలుగు మాట్లాడే మేమంతా కన్నడంలో పాఠాలు వింటూ, చేతి మీది బొబ్బలు చూపించుకుంటూ కూచున్నాం. (బొబ్బలు నాకు మాత్రమే ఉన్నాయి. అవీ మానిపోయాయి.)

ఈ రోజు మాట: ఆరంభశూరత్వం. నిఘంటువులో వేరే మాట వెతుకుతుంటే కనబడింది. ఎవరిని చూసి పుట్టించారో! తాతకు చదివి వినిపించాను. తాత చాలా సేపు నవ్వాడు. నేను కొంచెం సేపు.

"మేఘం యాడన్నా ఉండాదా పాపా?" అని తర్వాత అడిగాడు.

"లేదు తాతా. ఇంకా టైముంది."

జూన్ 24, శుక్రవారం

టైము లేదు!! వాన!!!

తెల్లవారి నుంచి. ఆరుద్ర కార్తె వచ్చిందో లేదో, ఆకాశానికి చిల్లి పడింది. బస్సు రాలేదు. వంక పారుతోంది. ఈరక్క నడి వీధిలో నిలబడి తడుస్తోంది, ఆమెను లోపలికి రమ్మనేవాళ్లు లేరు, అందరూ అక్కడే ఉన్నారు.

నాయన తడిసిన మీసంతో నవ్వుతూ వచ్చాడు. "ఎల్లుండి విత్తనం." తర్వాత నన్ను చూసి నవ్వు ఆపాడు. "పాపా, కారు?"

జూన్ 25, శనివారం

ఎడమ వైపు ముందర: డ్రమ్ము మూత పెట్టి, చుట్టూ గోనె, దాని మీద తారు. (మూడో ప్రతిజ్ఞ, క్షమించు.)
ఎడమ వైపు వెనక: ఏమీ లేదు. చిల్లి. సంగటి చట్టి పట్టేంత చిల్లి. అడ్డంగా ఒక పలక వేశాను.

సమస్య: తాత కూచోవాల్సింది అక్కడే. ముందర సీట్లో ఆ వంగని కాళ్లు పట్టవు. కుడి తలుపు అతుక్కుపోయింది. ఎడమ తలుపు నుంచి ఎక్కితే, వంగని మోకాళ్లతో అటు జరగలేడు.

"పలక మీద కాళ్లు పెట్టుకో తాతా. కదల్చొద్దు."

"రెండేండ్ల నుంచి అవి కదిలింది యాడ?" అన్నాడు తాత.

సాయంత్రం కొట్టంలోకి పోతే కారు రాళ్ల మీద లేదు. నాలుగు చక్రాలూ బిగించి ఉన్నాయి, గాలి నింపి ఉంది, సీట్లు బోల్టులతో సహా ఉన్నాయి.

"ఎవరు బిగించారు?"

"నాకేం తెలుసు," అన్నాడు నాయన. మోచేతుల దాకా గ్రీజు.

జూన్ 26, ఆదివారం. రాత్రి తొమ్మిది. చేయి నొప్పి పుట్టేదాకా రాస్తాను.

కారు కదిలింది! పొద్దున ఏడింటికి నాలుగు సార్లు దగ్గి, నల్లగా పొగ వదిలి, తన కాళ్ల మీద తను కొట్టం దాటింది. నాయన స్టీరింగు దగ్గర. వెనక తాత, కొత్త పంచె, ఒళ్లో విత్తనం సంచి, చేతికర్ర. వెనక కుడి పక్క నేను. ఊరంతా వెంట నడిచింది. కారు నడక కంటే నిదానంగా పోయింది.

చేను గట్టు దగ్గర నాయన ఆపబోయాడు.

"ఇంగొంచెం లోపలికి పోనీ," అన్నాడు తాత.

"దుక్కి పదునుగా ఉండాది నాయినా. దిగబడతాది."

"గట్టు మీద విత్తనం ఏస్తారా ఎవరన్నా? పోనీ అంటే!"

నాయన పళ్లు కొరికి పోనిచ్చాడు. కారు గట్టు దిగింది, రెండు బారలు పోయింది, బర్రె పడుకున్నట్టు ఎడమ వైపుకు ఒరిగి కూచుంది. ఇంజిన్ ఆగింది. తలుపు తెరవబోతే రాలేదు, కింది అంచు మట్టిలో దిగబడిపోయింది. కుడి తలుపు సంగతి తెలిసిందే.

కాడి కట్టిన ఎద్దులు నిలబడి ఉన్నాయి. కర్పూరం వెలిగించారు. కొబ్బరికాయ కొట్టారు. తాత మాత్రం కారులో బందీ. నేను ఆ పలక వైపు చూడలేకపోయాను. రెండు నెలలు! తాత దిగడానికి ఒక్క దారి కూడా సరిగ్గా మిగల్చలేకపోయాను.

అవ్వ గట్టు మీద నుంచి అరిచింది: "హనుమంతూ, పొద్దు పోతాండాది. నువ్వే ఏసెయ్యిరా."

నాయన కదల్లేదు. "నేను ఎయ్యను," అన్నాడు. "ఈ తూరి నా చెయ్యి వద్దు."

తాత మాత్రం కిందికి చూస్తున్నాడు. కర్రతో పలకను నెమ్మదిగా పక్కకు తోశాడు. చిల్లి. చిల్లిలో నుంచి మా చేను కనబడింది. నల్లగా, తడిగా, జానెడు దూరంలో.

"పాపా," అన్నాడు, "ఇది భలే తావులో వదిలిపెట్టినావే."

కర్ర మొనతో చిల్లి గుండా మట్టిలో గుంత పొడిచాడు. ఒక గింజ వదిలాడు. కర్రతోనే మన్ను కప్పాడు. మళ్లీ పొడిచాడు. ఐదు గింజలు. తల ఎత్తి, "ఊఁ, తోలండప్పా!" అన్నాడు.

ఎద్దులు కదిలాయి. ఈరక్క ఎంత గట్టిగా నవ్విందంటే విత్తనం బుట్ట జారిపోయింది.

తర్వాత తలుపు కింద మట్టి తవ్వి తాతను దించాం. సాయంత్రం దాకా గట్టు మీదే కూచుని సాళ్లు చూశాడు. ఇంటికి ఎద్దుల బండిలో తెచ్చాం, నలుగురం ఎత్తి. మూట గురించి ఏమీ అనలేదు. దారిలో నిద్రపోయాడు.

జూన్ 27, సోమవారం

చౌడప్ప పొద్దున్నే బండితో వచ్చేశాడు. నాయన అతన్ని చేనికి పిలుచుకుపోయాడు. నేనూ పోయాను. (బస్సు తప్పిపోయింది. తప్పించాను.)

"కొట్టం దాటింది కదా చౌడప్పా," అన్నాను.

"దాటి యాడికి పోయింది? మీ నాయన కాళ్ల మీద పోవల్ల అన్యాడు. ఇది పడుకోనుండాది." చౌడప్ప కారు చుట్టూ తిరిగాడు. "రెండు జతల ఎద్దులు కడితే వచ్చేస్తాది, హనుమంతన్నా."

నాయన నా వైపు చూశాడు, కారు వైపు చూశాడు. "లాగితే కింద విత్తనం నలుగుతాది. మొదటి విత్తనం."

"ఇనుము కింద, నీడలో, తుప్పులో గింజ మొలుస్తాదా యాడన్నా?"

"పది దినాలు ఉండప్పా. మొలవకుంటే నువ్వే తీస్కపో."

పది రోజులు. రసాయన శాస్త్రం నాకు తెలుసు, జీవ శాస్త్రం పుస్తకం ఇంకా ఇవ్వలేదు.

జూలై 1, శుక్రవారం

ఏమీ లేదు.

జూలై 3, ఆదివారం

చేనంతా మొలక పగిలింది. కారు కింద ఏమీ లేదు. నేను చిల్లిలో తల పెట్టి చూశాను. అవ్వ చూసింది. ఈరక్క చూసింది. "అందరూ అట్ల ఊపిరి వదిల్తే అది యాడ లేస్తాది?" అని నాయన అందరినీ తరిమి, తను చూశాడు.

జూలై 5, మంగళవారం

సాయంత్రం బస్సు చేను పక్క నుంచి వస్తుంటే కిటికీలో నుంచి చూశాను. కారు పక్కన నాయన ఒక్కడే నిలబడి ఉన్నాడు. బస్సు ఆపించి, దిగి పరుగెత్తాను.

మూడు! ఐదులో మూడు! పాలిపోయిన పొడవాటి కాడలు, వెలుతురు వెతుక్కుంటూ చిల్లిలో నుంచి కారు లోపలికే వచ్చేశాయి. ఒకదానికి నాలుగు ఆకులు, అరచేయి తెరిచినట్టు. కుడి వైపు రెడాక్సైడ్ ఎరుపు పక్కన ఆ పచ్చ ఎంత బాగుందో రాయడానికి మాట వెతుకుతున్నాను. దొరకలేదు. దొరికినప్పుడు రాస్తాను.

"చౌడప్పకు కబురు పంపినా," అన్నాడు నాయన. "కోతల దాకా కారు ఈడే ఉంటాది. ఆ తర్వాత గూడా..." మిగతాది చెప్పకుండా అద్దం మీది మట్టి తుడిచాడు. "నువ్వు మాత్రం ఆ చిల్లి ముయ్యద్దు పాపా."

తాతకు చెప్పాను. "రెండు ఎందుకు రాలేదంట?" అని అడిగాడు, లెక్క అప్పజెప్పమన్నట్టు. తర్వాత నవ్వాడు. "వచ్చే ఏడు ఇంగో పక్క నుంచి ఏస్తా."

వచ్చే ఏడు! అంటే కారు మళ్లీ నడవాలి. అంటే పని ఉంది.

మల్లేశప్పను అడిగి వచ్చాను, తలుపు కోయడానికి. "నాళె" అన్నాడు. నేనూ రేపే మొదలుపెడుతున్నాను.

కొత్త ప్రతిజ్ఞలు:
1. ప్రతి ఆదివారం ఆరు నుంచి తొమ్మిది దాకా, చేనులోనే, కారు పని. వానైనా సరే. (వానైతే మరీ మంచిది.)
2. ముందర ఎడమ వైపు తారు, గోనె పీకి, సరైన రేకు వెయ్యాలి. కాగితం తిరగేయకుండా.
3. పెయింటు అదే రోజు. అవ్వ కంటే ముందు.
4. వెనక ఎడమ వైపు చిల్లి జోలికి పోవడం, కోతల దాకా, నిషిద్ధం.